నవాగామ్‌లో ఎదురైన ప్రశ్న

పార్లమెంటు సమావేశాలు లేని వారాలలో ఢిల్లీ విలేఖరికి కాస్త తీరిక చిక్కుతుంది. అటువంటి తీరికలో బంధువుల ఇంట వివాహానికి సూరత్ వెళ్లిన ఈ వ్యాసకర్తకు, ఉధనా స్టేషనుకు తూర్పుగా ఉన్న నవాగామ్‌లో, ఒక టీ దుకాణం బల్లపై ఒక ప్రశ్న ఎదురైంది. కాశ్మీరు గూర్చి లోక్‌సభలో జరిగే చర్చలన్నిటికీ వెనుక నిలిచి ఉన్న ప్రశ్న అది. అయితే సభలో దానిని ఇంత సూటిగా అడిగినవారు తక్కువ.

నవాగామ్, డిండోలీ, లింబాయత్ పేటలలో తెలుగు మాట వినబడడం వింత కాదు. నల్లగొండ, కరీంనగర్, వరంగల్ జిల్లాల నుండి చేతిమగ్గం కూడు పెట్టని రోజులలో తరలివచ్చిన నేతపనివారు ఇక్కడి మరమగ్గాలలో చేరి స్థిరపడిపోయారు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడ ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నదంటే వారి సంఖ్యను ఊహించుకొనవచ్చును. ఆ బల్లపై కూర్చున్న ఇద్దరు వృద్ధులలో ఒకరు నల్లగొండ పల్లె నుండి వచ్చిన నేతగాడు. ఎనిమిదేళ్ల వయసున రజాకార్ల భయానికి తల్లితో కూడ జొన్నచేలలో రాత్రులు గడిపినవాడు. రెండవవారు సౌరాష్ట్రలోని వెరావల్ వైపు మనిషి. ఆయన తండ్రి 1948లో జునాగఢ్ సంస్థానం ఏ దేశంలో ఉండాలో తేల్చే ఓటింగులో పాల్గొన్నాడు.

నేతగాడు నా వైపు తిరిగి అడిగాడు: “సార్, ఈ కాకా ఊళ్లె ఓటు పెట్టిన్రట. మా దిక్కు మిలటరీని పంపిన్రు. ఇద్దర్ని ఒక్కతీరుగ ఎందుకు సూడలే?”

ఏళ్ల తరబడి పార్లమెంటు గ్యాలరీలో కూర్చున్నవాడినే గాని, ఆయనకు అప్పటికప్పుడు సమాధానం చెప్పలేకపోయాను. ఈ వారం లేఖ ఆ బాకీ తీర్చుకొనే ప్రయత్నమే.

జునాగఢ్ ఓటు

1947 ఆగస్టులో బ్రిటిషువారు వెడలిపోయినప్పుడు ఐదువందలకు పైబడిన సంస్థానాల మీది సార్వభౌమాధికారాన్ని ఏ దేశానికీ అప్పగించకుండ వదలివేశారు. భారతదేశంలో చేరాలా, పాకిస్తానులో చేరాలా అన్నది సంస్థానాధీశుని సంతకానికి వదలినట్లయింది. అధికసంఖ్యాకులు పేచీ లేకుండ చేరిపోయారు. నవాగామ్‌కు దక్షిణంగా కొద్ది మైళ్ల దూరంలోనే సచీన్ అనే చిన్న సంస్థానం ఉండేది. ఆఫ్రికా మూలాలు గల సిద్దీ వంశపు నవాబు దాని పాలకుడు. ఆ సంస్థానం 1948లో నిశ్శబ్దంగా విలీనమై సూరత్ జిల్లాలో కలిసిపోయింది. నవాబు మతమేదన్నది అక్కడ అడ్డు రాలేదు.

జునాగఢ్ కథ వేరు. ప్రజలలో నూటికి ఎనభై మందికి పైగా హిందువులు. చుట్టూ భారత భూభాగమే, ఒక వంక సముద్రం. అయినను నవాబు మహబ్బత్ ఖాన్ 1947 ఆగస్టు 15న పాకిస్తానులో చేరుతున్నట్లు ప్రకటించాడు. దివాను పదవిలో ఉన్న షా నవాజ్ భుట్టో, తరువాతి కాలంలో పాకిస్తాను ప్రధాని అయిన జుల్ఫికర్ అలీ భుట్టోకు తండ్రి. సెప్టెంబరులో పాకిస్తాను ఆ చేరికను ఆమోదించింది. ఆ నెలలోనే బొంబాయిలో సామల్‌దాస్ గాంధీ నాయకత్వాన జునాగఢ్ తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడింది. అక్టోబరు చివరలో నవాబు కరాచీకి వెడలిపోయాడు. దిగజారిన పరిస్థితిలో దివానే పాలన స్వీకరించవలసిందిగా భారత ప్రభుత్వాన్ని కోరగా, నవంబరు 9న అది జరిగిపోయింది.

1948 ఫిబ్రవరి 20న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. నమోదైన 2,01,457 మంది ఓటర్లలో 1,90,870 మంది ఓటు వేశారు. పాకిస్తానుకు పడిన ఓట్లు 91. ఈ ఫలితాన్ని పాకిస్తాను అంగీకరించలేదు. 2020 ఆగస్టులో ఆ ప్రభుత్వం విడుదల చేసిన దేశపటంలో జునాగఢ్‌ను సైతం తన భూభాగంగానే చూపించుకున్నది.

హైదరాబాదు పట్టుదల

నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కోరింది పాకిస్తానులో చేరిక కాదు, స్వాతంత్ర్యం. బ్రిటిషువారు వెళ్లగానే తాను స్వతంత్రుడనగుదునని 1947 జూన్‌లోనే ఫర్మానా జారీ చేశాడు. ఎనభై రెండు వేల చదరపు మైళ్ల విస్తీర్ణం, కోటీ అరవై లక్షల జనాభా, సొంత నాణెం, సొంత రైలు, సొంత తపాలా గల రాజ్యానికి ఈ కోరిక అసహజమని ఆయన కొలువులో ఎవరికీ తోచలేదు. అయితే ఆ జనాభాలో అత్యధిక సంఖ్యాకుల కోరిక ఏమిటన్న విచారణ మాత్రం లేదు. స్టేట్ కాంగ్రెసు నాయకులు స్వామి రామానంద తీర్థ ఆగస్టు 7న ఇండియన్ యూనియనులో చేరాలన్న ఉద్యమాన్ని ప్రారంభించి జైలుకు వెళ్లారు. నల్లగొండ, వరంగల్ జిల్లాలలో భూమి కోసం, వెట్టి నిర్మూలన కోసం కమ్యూనిస్టుల నాయకత్వాన రైతాంగం 1946 నుండే ఆయుధం పట్టింది.

నవంబరు 29న ఒక సంవత్సర కాలానికి యథాతథ ఒడంబడిక కుదిరింది. కె. ఎం. మున్షీ భారత ఏజెంట్ జనరల్‌గా హైదరాబాదు చేరారు. ఒడంబడిక సిరా ఆరకముందే తగవులు మొదలైనవి. నిజాము ప్రభుత్వం పాకిస్తానుకు ఇరవై కోట్ల రూపాయల విలువగల భారత ప్రభుత్వ పత్రాలను అప్పుగా ఇవ్వజూపింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుండి రాత్రివేళ విమానాలలో ఆయుధాలు చేరవేశాడు. ఖాసిం రజ్వీ రజాకార్లు పల్లెలపై పడ్డారు. స్వతంత్ర రాజ్య వాంఛ ఆ విధంగా రెండు పొరుగు దేశాల పోటీలో పావు అయిపోయింది.

ఆగస్టు 21న నిజాము ప్రభుత్వం ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. సెప్టెంబరు 11న జిన్నా మరణించారు. 13న భారత సైన్యం ఐదు దిక్కుల నుండి ప్రవేశించింది. 16న ప్యారిస్‌లో సమావేశమైన మండలి ఎనిమిది ఓట్లతో ఆ ఫిర్యాదును కార్యక్రమంలో చేర్చుకున్నది. వ్యతిరేకంగా ఎవరూ ఓటు వేయలేదు. సోవియట్ యూనియన్, ఉక్రెయిన్, చైనా తటస్థంగా ఉన్నవి. హైదరాబాదు స్వతంత్ర రాజ్యమే కాదనీ, ఫిర్యాదు చేసే అర్హత దానికి లేదనీ భారత పక్షాన వాదించిన ఆర్కాటు రామస్వామి మొదలియారు కర్నూలులో పుట్టినవారు. మరునాడే నిజాము లొంగిపోయాడు. 22న ఫిర్యాదును ఉపసంహరించుకుంటూ తంతి పంపాడు. ఆ ఉపసంహరణ స్వచ్ఛందమైనది కాదని వాదిస్తూ 1949లో సైతం పాకిస్తాను ఆ విషయాన్ని మండలిలో ఎత్తింది.

మూడు కొలతలు

ఇప్పుడు నేతగాని ప్రశ్నకు వద్దాము. జునాగఢ్, హైదరాబాదు, కాశ్మీరు అనే మూడు వివాదాలను పక్కపక్కన పెట్టి చూచినట్లయితే, ఏ దేశమూ ఒకే కొలతను మూడింటికీ వాడలేదని తేలుతుంది. జునాగఢ్‌లో నవాబు సంతకమే ప్రమాణమన్న పాకిస్తాను, 1947 అక్టోబరు 26న కాశ్మీరు మహారాజు హరిసింగ్ చేసిన సంతకాన్ని గుర్తించలేదు. జునాగఢ్‌లో ప్రజల మాటే ప్రమాణమన్న భారతదేశం, కాశ్మీరులో సంతకాన్ని ఆధారం చేసుకొని ప్రజల మాటను తరువాతి ఘట్టానికి వాయిదా వేసింది. హైదరాబాదులో సంతకమూ లేదు, ఓటూ జరుగలేదు.

ఓటు ప్రతిపాదన రానే లేదని మాత్రం అనరాదు. 1948 జూన్‌లో, మౌంట్‌బాటెన్ వెళ్లిపోవడానికి ముందు సిద్ధమైన రాజీ ముసాయిదాలో ప్రజాభిప్రాయ సేకరణ, బాధ్యతాయుత ప్రభుత్వం రెండూ ఉన్నవి. నిజాము పక్షం దానిని అంగీకరించలేదు. ఆ ముసాయిదా అమలై ఉంటే నల్లగొండ పల్లెకు సైన్యం బదులు ఓటు పెట్టె వచ్చి ఉండేది. దానిని తోసివేసినవారి బాధ్యత తక్కువది కాదు.

అయితే పోలీసు చర్య ముగిసిన తరువాతనైనా ఓటు ఎందుకు పెట్టలేదన్న శేషప్రశ్న మిగులుతుంది. ఫలితం గూర్చి సందేహం లేదు గనుక అవసరం లేదన్నది ఢిల్లీ ధోరణి. ఫలితంపై సందేహం లేకపోవడం జునాగఢ్‌కు కూడ వర్తిస్తుంది గదా! అక్కడ ఓటు పెట్టిన ప్రభుత్వం, తన మాటకు లోకంలో బలం చేకూర్చుకున్నది. హైదరాబాదులో ఆ అవకాశాన్ని వదులుకున్నది. 1952 సాధారణ ఎన్నికలలో ఆ రాజ్య ప్రజలు ఓటు వేశారన్నది నిజమే. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. నిజాముతోను, ఆ తరువాత భారత సైన్యంతోను పోరాడిన ఉద్యమ నాయకులు రావి నారాయణరెడ్డి, నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గం నుండి నెహ్రూ గారికంటె ఎక్కువ ఓట్లు పొంది లోక్‌సభకు వచ్చారు. కాని ప్రభుత్వాన్ని ఎన్నుకొనే ఓటు వేరు, దేశాన్ని ఎన్నుకొనే ఓటు వేరు.

మరొక చేదు నిజాన్ని కూడ దాచరాదు. రజాకార్ల దౌర్జన్యాలను మన పుస్తకాలు వివరంగా చెబుతాయి, చెప్పవలసిందే. పోలీసు చర్య వెంటనే మరట్వాడా, బీదరు, గుల్బర్గా ప్రాంతాలలో ముస్లిములపై జరిగిన ఘోరాలను విచారించడానికి భారత ప్రభుత్వమే పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ ప్రభృతులను పంపింది. మృతుల సంఖ్య ఇరవై ఏడు వేల నుండి నలభై వేల వరకు ఉంటుందని వారు అంచనా వేశారు. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. రెండు ప్రభుత్వాలూ, ఒక నిజామూ సార్వభౌమత్వం గూర్చి వాదించుకుంటుండగా చచ్చినవారు మాత్రం ఇరువైపులా పల్లెవాసులే.

ఇది మన ఉపఖండానికే పరిమితమైన జాడ్యం కాదు. 2008లో కొసావో స్వాతంత్ర్యం ప్రకటించుకుంటే పొరుగున ఉన్న సెర్బియా దానిని నేటికీ గుర్తించలేదు, అల్బేనియా వెంటనే గుర్తించింది. సంతకం, సైన్యం, గుర్తింపు అన్నవి ప్రభుత్వాల చేతిలోని పనిముట్లు. ఆ భూమిపై బ్రతికేవారిని అడగడం ఒక్కటే పొరుగువారి నోరు కట్టడానికి కాస్తయినా పనికివచ్చేది. అడిగినచోట కూడ పొరుగువాడు ఒప్పుకొనకపోవచ్చునని జునాగఢ్ చెబుతున్నది. కాని అడిగినచోట మనకు సమాధానం ఉంటుంది. అడగనిచోట ఎనభై ఏళ్ల నేతగాడు సైతం మనలను నిలదీయగలడు.

వీడ్కోలు తీసుకొనే ముందు ఆయనకు లండను సొమ్ము సంగతి చెప్పాను. లొంగుబాటు తరువాత మూడు రోజులకు, 1948 సెప్టెంబరు 20న, నిజాము ప్రభుత్వపు ఖాతాలోని పది లక్షల ఏడు వేల తొమ్మిది వందల నలభై పౌండ్లను ఆయన మంత్రి ఒకరు లండనులోని పాకిస్తాను హైకమిషనరు రహిమ్‌తూలా పేరిట మార్పించారు. ఆ బదిలీ తన అనుమతి లేనిదని నిజాము సొమ్ము తిరిగి అడిగాడు. 1957లో ఆ వ్యాజ్యం ప్రభుల సభలో ఆగిపోయింది. డెబ్బది ఏళ్లకు పైగా బ్యాంకులో పడి ఉండి మూడున్నర కోట్ల పౌండ్లకు పెరిగిన ఆ సొమ్ము పాకిస్తానుది కాదనీ, నిజాము వారసులకు, భారతదేశానికి చెందుతుందనీ 2019 అక్టోబరు 2న లండను హైకోర్టు తీర్పు చెప్పింది.

నేతగాడు శ్రద్ధగా విని, “అండ్ల మా ఊరికేమన్న వస్తదా సార్?” అని అడిగాడు.

రాదని చెప్పాను. వెరావల్ పెద్దాయనకు సంగతి హిందీలో విడమరచి చెప్పవలసి వచ్చింది. ఆయన నవ్వి, ముగ్గురి టీ డబ్బులూ తానే ఇచ్చాడు. నేతగాడు మాత్రం నవ్వలేదు. మరమగ్గంలో మనుమడు దిగే వేళయిందని లేచి వెళ్లిపోయాడు.