అంకితం పేజీలో దాగిన ప్రేమ
ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పునాది వేసిన పెద్దల్లో సర్ రాస్ మసూద్ ఒకరు

ఉస్మానియాలో చదువుకుని వచ్చినవారు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు. 1918లో ఆ విశ్వవిద్యాలయం ఏర్పడిన నాడు నిజాం ప్రభుత్వ విద్యాశాఖ డైరెక్టరు సయ్యద్ రాస్ మసూద్. అలీగఢ్ కళాశాల స్థాపకుడు సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్‌కు ఆయన స్వయానా మనుమడు. ఈ మసూద్‌ను జీవితాంతం మనసులో దాచుకున్న ఆంగ్ల రచయిత ఒకరున్నారన్న సంగతి చాలామందికి తెలియదు.

ఆ రచయిత ఇ.ఎం. ఫార్‌స్టర్. ఆక్స్‌ఫర్డ్ చదువు కోసం ఇంగ్లండులో ఉన్న మసూద్‌కు 1906లో ఆయన లాటిన్ పాఠాలు చెప్పారు. పాఠాలతో మొదలైన పరిచయం స్నేహమైంది. కొన్నేళ్లకు ఫార్‌స్టర్ తన మనసులోని ప్రేమను బయటపెట్టారు. మసూద్ కోపగించుకోలేదు, స్నేహం వదులుకోలేదు. అయితే ఆయనకు అటువంటి ప్రేమ లేదు. తరువాత పెళ్లి చేసుకున్నారు, కొడుకులు పుట్టారు. ఫార్‌స్టర్ మాత్రం బ్రహ్మచారిగానే ఉండిపోయారు.

జైలు భయం

అది బయటకు చెప్పుకోగలిగిన కాలం కాదు. ఇదే నేరం మీద 1895లో రచయిత ఆస్కార్ వైల్డ్‌కు రెండేళ్ల కఠిన శిక్ష పడింది. మన దేశంలోనూ 1860 నాటి శిక్షాస్మృతిలో 377వ సెక్షన్ ఉండేది.

1912లో ఫార్‌స్టర్ ఇండియాకు రావడానికి ముఖ్య కారణం మసూదే. 1921లో మళ్లీ వచ్చినప్పుడు హైదరాబాదులో ఆయన వద్ద గడిపారు. 1924లో అచ్చయిన 'ఎ ప్యాసేజ్ టు ఇండియా' నవలను మసూద్‌కు, తమ పదిహేడేళ్ల స్నేహానికి అంకితమిచ్చారు. నలుగురి ముందు చెప్పగలిగిన మాట 'స్నేహం' ఒక్కటే.

1937లో మసూద్ మరణించారు. తొలి పాఠానికి అప్పటికి 31 ఏళ్లు. నివాళి వ్యాసంలో ఫార్‌స్టర్, ఆయన లేకుంటే తాను ఈ దేశానికి వచ్చేవాడినే కానేమోనన్నారు. అక్కడ కూడా ఆ ప్రేమకు పేరు పెట్టలేకపోయారు.

57 ఏళ్లు సొరుగులో

ఇద్దరు మగవారి ప్రేమ సుఖాంతమయ్యే 'మారిస్' అనే నవలను ఆయన 1914లోనే రాసి ఉంచారు. దగ్గరి మిత్రులకు తప్ప చూపలేదు. 1967లో ఇంగ్లండు చట్టం మారేసరికి ఆయనకు 88 ఏళ్లు. అప్పుడూ అచ్చుకు ఇవ్వలేదు. 1970లో ఆయన కన్నుమూశాక, 1971లో ఆ పుస్తకం వెలువడింది.

మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. ఇష్టపడి కలిసిన ఇద్దరు వయోజనుల బంధం ఇక నేరం కాదన్నది.

మన ఊళ్లలోనూ 'ఇద్దరిదీ ఒకే ప్రాణం' అనిపించుకున్న స్నేహాలు ఉన్నాయి. అన్నీ ఇటువంటివేనని కాదు, ఇటువంటివి లేవనీ కాదు. పెళ్లిళ్లయి, మనుమలు పుట్టి, తల నెరిసిన పెద్దాయన ఎవరైనా అరుగు మీద కూర్చుని పాత నేస్తం పేరెత్తి మాట ఆపేస్తే, వెక్కిరించకుండా కాసేపు వినడం మన చేతిలో పని. కోర్టు నేరం కాదన్నంత మాత్రాన ఆ పెద్దాయనకు నోరు పెగలదు. పక్కనున్నవారు నవ్వరన్న నమ్మకం కలగాలి.