మతసంబంధ నవలలను వివేకముతో చదువుట

కథ వినుట మన స్త్రీలకు క్రొత్త గాదు. తిరుగలి త్రిప్పుచు, బిడ్డను జోకొట్టుచు, వేసవి రాత్రులందు వాకిట మంచములపై పరుండి మనము వినిన కథలకు లెక్క లేదు. నేడు కథ అచ్చుపుస్తకమై, చలనచిత్రమై, చేతి ఫోనులోని దృశ్యమై మన యిండ్లలో ప్రవేశించినది. అందు క్రీస్తు పేరును అపొస్తలుల పేర్లును కనుపించినంతనే, ఇది భక్తిగ్రంథమని నమ్మి చదువు సోదరీమణులు పెక్కుమంది గలరు. పుస్తకము మంచిదే కావచ్చును. కాని కథ యెచ్చట ముగియునో, వాక్యమెచ్చట మొదలగునో గుర్తింపక చదివినచో నేమి సంభవించునో తెలుపు చరిత్ర యొకటి కలదు. అది గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతముల క్రైస్తవ కుటుంబములకు మిక్కిలి దగ్గరి చరిత్ర.

ఒకప్పుడు మహబూబునగరు జిల్లాలోనివైన యీ మూడు పట్టణములు 2016లో వేర్వేరు జిల్లాలకు కేంద్రములైనవి. ఇచ్చటి సంఘములలో ననేకములు మెన్నొనైటు బ్రదరను సంఘములు. రుష్యాదేశమునుండి ఆ సంఘమువారగు ఫ్రీసెను దంపతులు 1889లో తెలుగుదేశమునకు వచ్చి, నల్లగొండలో సేవ యారంభించిరి. పిమ్మట అమెరికాలోని వారి సహోదర సంఘమువారు నాగరుకర్నూలును, వనపర్తిని స్థావరములుగా చేసికొనిరి. 1920లో నాగరుకర్నూలున బైబిలు పాఠశాల నెలకొల్పిరి. గద్వాల మొదట అమెరికను బాప్టిస్టుల పరిధిలోనుండి, తరువాత వీరికి సంక్రమించెను.

ఈ మిషనెరీలు పుట్టిన మెన్నొనైటు ప్రజలలోనే, ఆ కాలముననే, వేరొక సంగతి జరిగెను. యుంగ్ స్టిల్లింగ్ అను జర్మను వైద్యుడు 1794 మొదలు 1796 వరకు ఒక పెద్ద భక్తినవలను ప్రకటించెను. దాని పేరునకు ఇంటిబెంగ యని యర్థము. విశ్వాసులు పరలోకపు స్వగృహమును తలంచి తూర్పుదిక్కునకు పయనించుట యందలి కథ. రుష్యాలోని మెన్నొనైటు గృహములలో దీనిని మిక్కిలి ప్రీతితో చదివిరి. వోల్గా ప్రాంతవాసియగు క్లాస్ ఎప్ అను నతడు ఈ నవలను దానియేలు, ప్రకటన గ్రంథములతో జోడించి, అంత్యదినములలో ఆశ్రయస్థానము మధ్య ఆసియాలో నున్నదని బోధింపసాగెను. అప్పటికే రుష్యాప్రభుత్వము 1874లో నిర్బంధ సైనికసేవను విధించియుండుటచే, యుద్ధమును పాపముగా నెంచు నా ప్రజలు కలతపడియుండిరి. 1880లో బండ్లు కట్టి అనేక కుటుంబములు బయలుదేరెను. దారిలో పసిబిడ్డలు పెక్కుమంది మరణించిరి. తల్లులు వారిని పరాయినేలలో పాతిపెట్టి ముందునకు సాగిరి. కడకు ఎప్ 1889 మార్చి 8వ తేదీన ప్రభువు వచ్చునని నిర్ణయించెను. ఆ దినము వచ్చెను, గడచిపోయెను. అతడు గడువును 1891కి మార్చెను. అదియు వట్టిదే యయ్యెను.

ఒకే 1889వ సంవత్సరమున ఒకే వంశపు ప్రజలలో కొందరు కొండ యెక్కి మేఘముల వంక చూచువారివలె నిలిచిరి. ఒక జంట మాత్రము మన తెలుగుదేశమునకు సేవకై తరలివచ్చిరి. ఇరువురును బైబిలు చదువువారే. నవలాకారుడు ఎవ్వరినీ బండ్లు కట్టుడని యాజ్ఞాపింపలేదు. కథను వాక్యమునకు తాళపుచెవిగా చేసికొనుటయే దోషమయ్యెను. ఆ దినమును ఆ గడియను తండ్రి తప్ప నెవ్వరు నెరుగరని మత్తయి 24వ యధ్యాయమున ప్రభువు స్పష్టముగా చెప్పినాడు. ఆ యొక్క మాట చాలియుండెడిది.

అట్లని కథలను గూడదనుట కాదు. నాతాను ప్రవక్త దావీదు పాపమును గొఱ్ఱెపిల్ల కథతోనే బయల్పరచెను. ప్రభువు ఉపమానములతో బోధించెను. 1678లో వెలువడిన బన్యను గారి యాత్రికుని ప్రయాణము తెలుగులోనికి వచ్చి ఎన్నో గృహములలో నిలిచినది. జాషువ గారి క్రీస్తు చరిత్ర కావ్యమునకు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. 1978లోని కరుణామయుడు చిత్రమును పల్లెపల్లెలో జనులు కన్నీళ్లతో చూచిరి. కల్పన హృదయమును తెరచును, సిద్ధాంతమును స్థాపింపజాలదు. కావున చదువునపుడు మూడు ప్రశ్నలు వేసికొందము.

మొదటిది: ఇది వ్రాయబడియున్నదా? లూ వాలెస్ 1880లో వ్రాసిన బెన్‌హర్ నవలలో జ్ఞానులు ముగ్గురు. వారిలో మెల్కియోరు హిందూదేశస్థుడు. మనకు ముచ్చటగానే యుండును. కాని మత్తయి వారి సంఖ్యను గాని పేర్లను గాని చెప్పలేదు. అట్లే మగ్దలేనే మరియ వేశ్యయని సువార్తలలో నెచ్చటను లేదు. లూకా 8వ యధ్యాయమున ఏడు దయ్యములు వదలిన స్త్రీయని మాత్రమే యున్నది. లేని నింద నామెపై మోపుట కథలు వినిన చెవుల పనియే.

రెండవది: గ్రంథకర్త కల్పనను నిజమని చెప్పుచున్నాడా? 2003లోని డావిన్సీ కోడ్ నవల యట్టిది. దాని చలనచిత్రమును 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నిషేధింపగా, హైకోర్టు ఆ నిషేధమును కొట్టివేసెను. నిషేధముచే ప్రశ్న తీరదు; తెలిసికొనుటచే తీరును. క్రీస్తు దైవత్వము 325లో నికయ సభ కల్పించినదని ఆ కథలో నొక పాత్ర పలుకును. కాని తోమా యేసును ప్రభువనియు దేవుడనియు సంబోధించుట యోహాను సువార్త 20వ యధ్యాయమున కలదు. ఆ సువార్త నికయ సభకు రెండువందల యేండ్లకుపైగా పూర్వమే వ్రాయబడినది.

మూడవది: చదివిన పిమ్మట మనస్సున నేమి మిగిలెను? 1995 మొదలు 2007 వరకు పదునారు సంపుటములుగా వెలువడిన లెఫ్ట్ బిహైండ్ వంటి అంత్యదిన నవలలు చదివి, బిడ్డలు రాత్రులు భయముతో లేచినచో, తల్లి ఆ పుస్తకమును లాగివైచుట కంటె ప్రక్కన గూర్చుండి ప్రకటన గ్రంథమును తెరచుట మేలు. ఏది లేఖనము, ఏది రచయిత యూహ యని వేలుపెట్టి చూపవలెను. ప్రేమను, ఓర్పును, ప్రార్థనను పెంచిన కథ మేలు చేసినది. భయమును, తేదీల లెక్కను, ఇతరులయెడ తిరస్కారమును మిగిల్చినది కీడు చేసినది.

పౌలు చెప్పినదానిని సహితము బెరయ పట్టణస్థులు దినదినము లేఖనములతో సరిచూచిరని అపొస్తలుల కార్యములు 17వ యధ్యాయము తెలుపుచున్నది. వారిలో గౌరవనీయులగు గ్రీకు స్త్రీలును ఉండిరని లూకా ప్రత్యేకించి వ్రాసెను. అపొస్తలుని మాటనే పరీక్షించిన స్త్రీలు మనకు పూర్వికులు. నవలాకారుని మాటను పరీక్షించుటకు మన మేల జంకవలెను? పనులు ముగిసిన పిమ్మట నవల చేత బట్టినపుడు, సోదరీమణులారా, బైబిలును గూడ ప్రక్కన నుంచుకొనుడు. సందేహము కలిగినచోట నిలిచి, తెరచి చూడుడు. మీ కుమార్తెలకును ఆ యలవాటు నేర్పుడు.