జాతర వేదికపై పాట చెడకుండా..

నల్గొండ: చెరువుగట్టు, కురుమూర్తి వంటి జాతరల్లో డప్పుల హోరు నడుమ పాటలోని మాట జనానికి చేరాలంటే మిక్సర్‌పై ఆపరేటర్‌కు పట్టు ఉండాలి. మీటరులో ఎర్రదీపం వెలిగితే ధ్వని హద్దు మీరుతున్నట్లే. స్పీకర్లు కాలిపోయే ప్రమాదమూ ఉంది. ముందుగా ఆ మైకు గెయిన్ తగ్గించాలి. పీఎఫ్ఎల్ మీట నొక్కి ఒక్కో మైకును హెడ్‌ఫోన్‌లో విడిగా పరీక్షించవచ్చు. గాయకులకు వినిపించే మానిటర్ ధ్వనిని ఫేడర్‌కు ముందు నుంచే తీసుకుంటే, జనం వైపు చేసే హెచ్చుతగ్గులు వారిని తికమకపెట్టవు. ఎకో యంత్రం నుంచి తిరిగివచ్చే ధ్వనిని మళ్లీ అదే ఎకోకు పంపరాదు. పంపితే అది పెరిగి పెరిగి కూతగా మారుతుంది. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం ప్రత్యేక అనుమతి లేనిదే బహిరంగ ప్రదేశాల్లో రాత్రి 10 దాటాక మైకు నిషిద్ధం. కనుక జనం చేరకముందే ఈ పరీక్షలన్నీ ముగించాలి.