పాత ఇంటిని పడగొట్టాలా, బాగుచేయాలా?

జి. కొండూరు చుట్టుపక్కల మామిడి తోటల ఊళ్లలో రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన పెంకుటిళ్లు ఇంకా ఉన్నాయి. ముందు వసారా, లోపల నట్టిల్లు, ఒకే ఒక పడకగది, వెనుక వంటిల్లు. పట్నంలో స్థిరపడిన కుమారులు, "పడగొట్టి డాబా వేద్దాం" అంటారు. ఆ పడకగదిలో ఉంటున్న తల్లి మాట్లాడదు. ఇలాంటి కుటుంబాలు దేవుని వాక్యమును ఏమని అడగాలి?

యాజకుడు చేసిన పని

లేవీయకాండము 14వ అధ్యాయంలో ఇంటి గోడకు మచ్చ పడితే ఏం చేయాలో ఉంది. యాజకుడు వచ్చి చూస్తాడు. ఏడు దినములు ఇల్లు మూయిస్తాడు. మచ్చ వ్యాపిస్తే చెడిన రాళ్లను మాత్రం ఊడదీయించి, లోపలి గోడలు గీకించి, వేరే రాళ్లు పెట్టించి కొత్త అడుసు పూయిస్తాడు. అప్పటికీ మచ్చ తిరిగి వస్తేనే ఇల్లు పడగొట్టాలి. ముందు పరీక్ష, తరువాత ఓపిక, ఆ తరువాత మరమ్మతు. కూల్చడం చివరి మాట.

గోడను ఆరనివ్వండి

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు మళ్లింపు కాలువకు మన మండలంలోని కవులూరు దగ్గర గండ్లు పడి, విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగిపోయాయి. తడిసిన గోడ ఎంత కాలం బాధపెడుతుందో అక్కడివారిని అడిగితే చెబుతారు. పాత గోడలు ఇటుకతోను, సున్నంతోను లేక మట్టితోను కట్టినవి. అవి నేలలోని చెమ్మను పీల్చుకుంటాయి, గాలికి మళ్లీ వదిలేస్తాయి. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుంటుంది. కొన్నాళ్లకు ఉప్పు పొంగి, పూత పెచ్చులుగా ఊడుతుంది. అందుచేత ఒక వేసవి పూర్తిగా ఆరనిచ్చి, సున్నపు గోడకు సున్నమే పూయించండి. పూర్వం గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ నీరు కలిపేవారు. ఆ పని తెలిసిన మేస్త్రీ ఉంటే వెదకి పిలిపించండి. పాత బట్టకు కొత్త గుడ్డ మాసిక వేయరాదని ప్రభువు చెప్పిన ఉపమానం (లూకా 5:36) మేస్త్రీలకు కూడా బాగా అర్థమవుతుంది.

గోడ చెమ్మకు మరొక కారణం వీధిలో ఉంటుంది. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోగా ఇల్లు పల్లంలో పడుతుంది. ముందు వాననీరు బయటకు పోయే దారి చూడండి, రంగుల మాట తరువాత.

పైకప్పు

ఒకదానిలో ఒకటి ఇమిడే ఈ పెంకుల వెనుక మన సంఘ చరిత్ర కూడా ఉంది. 1865లో మంగుళూరులో బాసెల్ మిషనుకు చెందిన జార్జ్ ప్లెబ్‌స్ట్ పెంకుల కర్మాగారం ప్రారంభించాడు. క్రీస్తును అంగీకరించి కులవృత్తి కోల్పోయిన కుటుంబాలకు పని కల్పించడం దాని ఉద్దేశం. పగిలిన పెంకును మాత్రం తీసి మరొకటి వేయవచ్చు, కప్పంతా విప్పనక్కరలేదు. దూలం కొస గోడలోకి దూరే చోట మాత్రం మేకుతో పొడిచి చూడండి. చెద, తడి ముందుగా పట్టేది అక్కడే. కొస మెత్తబడితే ఆలస్యం చేయకండి. అది ప్రాణాలతో పని.

ఉమ్మడి గోడ

ఇల్లు ఇంకా పంపకాలు కాలేదా? అయితే మేస్త్రీ కంటే ముందు అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను కూర్చోబెట్టండి. ఎవరు ఎంత పెడుతున్నారో, తల్లి ఆ ఇంట్లో ఎంత కాలం ఉంటుందో కాగితం మీద రాసుకొని అందరూ సంతకాలు చేయండి. ప్రేమ ఉన్నచోట కాగితమెందుకని అనకండి. లెక్క లేకనే చాలా ఇళ్లలో ప్రేమ చల్లారింది. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువే చెప్పాడు (లూకా 14:28).

ఒక గది చాలదా?

షూనేములోని స్త్రీ ఎలీషా కొరకు కట్టించినది ఒక చిన్న గది. అందులో మంచము, బల్ల, పీట, దీపస్తంభము పెట్టించింది (2 రాజులు 4:10). దైవజనునికి అది చాలింది. వృద్ధురాలైన తల్లికి కూడా అంత చాలు: ఆరిన గోడ, కారని కప్పు, ఎర్తింగ్ ఉన్న కొత్త వైరింగు, గడప దాటకుండా వెళ్లగల మరుగుదొడ్డి, పట్టుకోవడానికి గోడకు ఒక కడ్డీ.

పరీక్షించాక ఇల్లు నిలవదని తేలితే పడగొట్టండి, అందులో పాపం లేదు. నిలిచేదే అయితే తల్లి బ్రదికి ఉండగానే బాగుచేయించండి. ఆమె పోయిన తరువాత ఆమె పేరు చెక్కించి కట్టే డాబాలో ఆమె ఒక్క రాత్రి కూడా నిద్రపోలేదు.