వత్తి

వత్తి లేదా ఒత్తి అనగా ఒక ద్రవమును దాని పాత్ర నుండి వేడి యున్న చోటికి చేర్చు నారపోగుల కట్ట. ప్రమిద, కిరసనాయిలు బుడ్డి, లాంతరు, వత్తుల స్టౌ, కొవ్వొత్తి వీటన్నిటిలోను దాని పని ఒక్కటే. ఎలక్ట్రానిక్ సిగరెట్టులో వేడితీగ చుట్ట నడుమ ఉంచెడి దూది కూడ వత్తియే. వత్తి వెలుగుచున్నదని వాడుకలో అందురు గాని, నిజానికి వెలుగునది నూనె ఆవిరి. ద్రవము తగినంత అందుచున్నంత వరకు వత్తి కొస మాత్రమే మాడును. అందుట తగ్గినచో వత్తియే కాలును. వత్తికి ఏ పదార్థము వాడవలెను, ఎంత బిగువుగా పేనవలెను అను ప్రశ్నలన్నియు ఇందుండియే పుట్టినవి.

పనిచేయు విధము

పోగుల మధ్య నుండు సన్నని సందులలోనికి ద్రవము తనంత తానే ఎగబ్రాకును. దీనిని కేశనాళికీయత అందురు. సందు ఎంత ఇరుకైన ద్రవము అంత ఎత్తునకు ఎక్కగలదు, కాని అంత నెమ్మదిగా ప్రవహించును. కావున గట్టిగా పేనిన వత్తి నూనెను పైకి లాగును గాని మంటకు చాలినంత ఇవ్వలేదు. మరీ వదులైన వత్తి ధారాళముగా ఇచ్చును గాని నిలువలేక ప్రమిదలో పడిపోవును. ఈ రెంటి నడుమ మెళకువను మన ఇండ్లలోని పెద్దవారు లెక్కలతో పని లేకుండ చేతి వేళ్ళతోనే నేర్చినారు.

ద్రవపు చిక్కదనము మరొక ముఖ్యాంశము. ఆముదము నువ్వులనూనె కంటె పది రెట్లకు పైగా చిక్కన. అందువలన ఆముదపు దీపమునకు లావైన, వదులైన వత్తి కావలెను. నూనె మట్టము మంటకు దగ్గరగా నుండవలెను. ప్రమిద లోతు లేకుండ ఉండుటకు ఇది యొక కారణము. స్విట్జర్లాండునకు చెందిన ఆర్గాండ్ 1780లో గొట్టము వంటి బోలు వత్తితో దీపమును రూపొందించినపుడు కూడ, ఆనాటి చిక్కని నూనె పైకి ఎక్కదు గనుక, నూనె తొట్టిని ప్రక్కన ఎత్తులో అమర్చవలసి వచ్చినది. పలుచని కిరసనాయిలు వచ్చిన తరువాత తొట్టి మంట క్రింద ఉండుట సాధారణమైనది. మన హరికేన్ లాంతరు ఆకారమునకు మూలమిదియే. లాంతరులో నేసిన పట్టీ వత్తిని మర తిప్పి మరీ పైకి ఎత్తినచో ఆవిరి ఎక్కువై, దానికి గాలి చాలక, చిమ్నీకి మసి పట్టును. పెట్రోమాక్స్ దీపములోని మాంటిల్ వత్తి కాదు. అందులో కిరసనాయిలు గాలి ఒత్తిడితో పైకి వచ్చును. మాంటిల్ వేడికి కాంతినిచ్చెడి జాలి మాత్రమే.

కృష్ణా డెల్టాలో

పామర్రు చుట్టుప్రక్కల నల్లరేగడి పొలములలో వరి, ఆ పిమ్మట మినుము ప్రధాన పంటలు. పత్తి సాగు ఎక్కువగా నందిగామ, జగ్గయ్యపేట వైపు మెట్ట ప్రాంతములలో కలదు. అయినను డెల్టా గ్రామములలో పెరటిలో ఒక పత్తి చెట్టు ఉంచుకొను అలవాటు వత్తుల కొరకే ఏర్పడినది. కాయ పగిలిన తరువాత గింజ తీసి, దూదిని ఏకి, వేళ్ళకు కొంచెము విభూతి గాని పాలు గాని అద్దుకొని పేనుదురు. పొడవుగా పేనినది నిలువు వత్తి. క్రింద దూదిని గుండ్రముగా పరచి, పైన కొస మెలిపెట్టినది పువ్వొత్తి. పువ్వొత్తి తన కాళ్ళపై తానే నిలుచును గనుక నేతితో వెలిగించుటకు అనువైనది. చలికాలములో నేయి పేరుకొనును. కావున వత్తిని ముందుగా కరగిన నేతిలో తడిపి ఉంచుదురు.

కార్తీక పౌర్ణమి నాడు వెలిగించెడి 365 వత్తులు, లక్షవత్తుల నోము, మార్గశిర శుద్ధ పాడ్యమి నాడు అరటి దొప్పలలో దీపములు పెట్టి కాలువలలో వదలెడి పోలి స్వర్గము ఈ ప్రాంతమున నేటికిని జరుగుచున్నవి. ఆ చివరి పండుగ కథ ఈ వ్యాసమునకు మిక్కిలి దగ్గర. చిన్నకోడలు పోలికి దీపము పెట్టుటకు అత్త ఏమియు ఇవ్వదు. ఆమె పెరటి చెట్టు క్రింద రాలిన ప్రత్తితో వత్తి చేసి, కవ్వమునకు అంటిన వెన్నతో వెలిగించి, అత్తకు కనబడకుండ బుట్ట బోర్లించును.

పదార్థములు

దూది దాదాపుగా శుద్ధమైన సెల్యులోజు. చెట్టు నుండి కోసిన పచ్చి దూది పోగుపై పలుచని మైనపు పూత యుండును. ఆ పూత నీటిని నిలువరించును గాని నూనెను అడ్డదు. అందువలన ప్రమిదకు పచ్చి దూది చక్కగా సరిపోవును. ఆసుపత్రులలో వాడు దూదిని క్షారములో ఉడికించి మైనము తీసివేయుదురు. అది నీటిని కూడ పీల్చును. జిల్లేడు దూది నూనెను బాగుగా పీల్చును కాని నున్నగా, పెళుసుగా నుండుటచే ఒంటరిగా పేనుట కష్టము. ప్రత్తితో కలిపి పేనుదురు. తామర తూడు నార, అరటి నార వత్తులను వ్రతముల కొరకు వాడుట కలదు. పాలియెస్టరు కలిసిన గుడ్డ పీలికలు పనికిరావు. అవి కాలక ముందే కరగి ముద్దయగును.

వేడితీగ, వత్తి

ఎలక్ట్రానిక్ సిగరెట్టులో మంట లేదు. బ్యాటరీ విద్యుత్తు సన్నని తీగచుట్టను వేడిచేయగా, వత్తిలోని గ్లిజరిను, ప్రొపిలీన్ గ్లైకాలు, నికొటిను మిశ్రమము ఆవిరియై మరల చిన్న తుంపరలుగా మారును. చైనాకు చెందిన హాన్ లిక్ 2003లో రూపొందించిన తొలి నమూనా అతిధ్వని కంపనములతో పనిచేసెడిది. వేడితీగ తరువాత వచ్చినది. కొన్ని దేశములలో వాడుకదారులు ఈ చుట్టను స్వయముగా చుట్టుకొను అలవాటు పెరిగినది.

తీగకు ఇనుము, క్రోమియం, అల్యూమినియముల మిశ్రమమైన కాంతల్, నికెలు క్రోమియముల మిశ్రమమైన నిక్రోమ్, స్టెయిన్‌లెస్ స్టీలు వాడుదురు. 0.32 మి.మీ. మందము గల కాంతల్ తీగకు మీటరుకు సుమారు 18 ఓముల నిరోధము. దానిని 2.5 మి.మీ. కడ్డీపై ఆరు చుట్లు చుట్టినచో, రెండు కాళ్ళతో కలిపి సుమారు 63 మి.మీ. తీగ పట్టును, నిరోధము 1.1 ఓము. పూర్తిగా నిండిన 4.2 వోల్టుల లిథియం బ్యాటరీతో 3.8 ఆంపియర్లు, 16 వాట్లు వచ్చును. ఇంటర్మీడియట్ విద్యార్థులు చదివెడి ఓము నియమమే ఇది. నిరోధము 0.1 ఓముకు తగ్గినచో 42 ఆంపియర్లు కావలెను. సాధారణ 18650 బ్యాటరీ అంత భరించలేదు, వేడెక్కి పేలవచ్చును.

వత్తి విషయమున మొదట సిలికా త్రాడు, తరువాత మైనము తీసిన దూది, రేయాన్, సచ్ఛిద్ర పింగాణి వాడుకలోనికి వచ్చినవి. ఈ ద్రవము నూనె కాదు, నీటిలో కలియునది. కావున ప్రమిదకు సరిపోయిన పచ్చి దూది ఇచ్చట పనికిరాదు. తడి యున్నంత వరకు తీగ వేడి ఆ ద్రవపు మరుగు స్థానము దరిదాపుల నుండును. ప్రొపిలీన్ గ్లైకాలుకు అది 188, గ్లిజరినుకు 290 డిగ్రీల సెల్సియస్. చుట్టలో దూదిని మరీ కుక్కినను, గ్లిజరిను పాలు ఎక్కువై చిక్కబడినను, ద్రవము వేళకు చేరదు. అపుడు తీగ క్షణములలో కాగి, దూది మాడి, గ్లిజరిను విడిపోయి ఎక్రోలీన్, ఫార్మాల్డిహైడ్ వంటి విషములు పుట్టును. ప్రమిదలో నూనె అయిపోయినపుడు వచ్చెడి కమురు వాసన వంటిదే ఇది, కాని దీపపు పొగ గదిలోనికి పోవును, ఈ పొగ నేరుగా ఊపిరితిత్తులలోనికి పోవును. వత్తి సరిగా నున్నను తీగ సంగతి వేరు. 2018లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ తుంపరలలో సీసము, క్రోమియం, నికెలు ఉన్నట్లు, అవి వేడితీగ నుండి చేరుచున్నట్లు ప్రకటించిరి. స్వయముగా చుట్టుకొన్న తీగకైనను, కొన్న తీగకైనను ఈ దోషము ఉండవచ్చును.

భారతదేశములో 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు ద్వారా, డిసెంబరులో చట్టము ద్వారా ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకము, ప్రకటన నిషేధింపబడినవి. మొదటి నేరమునకు ఒక సంవత్సరము వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. మరల చేసినచో మూడు సంవత్సరముల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. పరికరమంతయు గాక దానిలోని ఏ భాగమైనను ఈ నిషేధము క్రిందికి వచ్చునని చట్టము చెప్పుచున్నది. కాంతల్, నిక్రోమ్ తీగలు మాత్రము విద్యుత్ పొయ్యిలలోను, కళాశాల ప్రయోగశాలలలోను వాడుకలో కలవు.