డాక్టర్ బాబు పరీక్ష ఎందుకు చేయించుకోలేదు?

"ఆయన డాక్టరే కదా! ఒక్క పరీక్ష చేయించుకుంటే తేలిపోయేదానికి దీపను ఇన్నేళ్లు ఏడిపించాలా?"

'కార్తీక దీపం' నడిచినన్నాళ్లూ తెలుగిళ్లలో తరచూ వినబడ్డ మాట ఇది. 2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలైన ఆ సీరియల్ 2023 జనవరిలో ముగిసింది. కథ చాలామందికి తెలిసిందే. పేరున్న గుండె డాక్టరు కార్తీక్ ఇష్టపడి దీపను పెళ్లాడతాడు. అతని మీద ఆశ పెట్టుకున్న మోనిత, అతనికి పిల్లలు పుట్టరని నమ్మిస్తుంది. అంతలో దీప కడుపుతో ఉందని తెలుస్తుంది. అతను అనుమానించి దూరం పెడతాడు. దీప వంట చేసుకుని బతుకుతూ 'వంటలక్క' అవుతుంది. కవలలుగా పుట్టిన ఆడపిల్లల్లో ఒకరు తల్లి దగ్గర, ఇంకొకరు తండ్రి దగ్గర పెరుగుతారు. నిరుపమ్ పరిటాల, ప్రేమి విశ్వనాథ్, శోభా శెట్టి ఆ పాత్రల్లో ఎంతగా ఒదిగిపోయారంటే, జనం వాళ్ల గురించి పక్కింటి సంగతి మాట్లాడుకున్నట్టే మాట్లాడుకున్నారు.

కర్ణాటక తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో ఈ చర్చకు ఇంకో కోణం ఉంది. దాదాపు అన్ని వైపులా ఆంధ్ర నేలే చుట్టుకున్న తాలూకా అది. ఇంట్లో తెలుగు, బడిలోనూ కచేరీలోనూ కన్నడం. అక్కడివాళ్లకు ఈ కథ రెండు భాషల్లోనూ అందుబాటులో ఉండేది. తెలుగులో 'కార్తీక దీపం', 2018లో మొదలైన కన్నడ 'ముద్దులక్ష్మి' రెండూ ఒకే చెట్టు కొమ్మలు. 2014లో ఏషియానెట్‌లో మొదలైన మలయాళ సీరియల్ 'కరుత్తముత్తు' వాటికి మూలం. తమిళంలో 'భారతి కణ్ణమ్మ', మరాఠీలో 'రంగ్ మాఝా వేగళా' కూడా ఆ మూలం నుంచి వచ్చినవే. తమిళ ప్రేక్షకులూ ఆ డీఎన్ఏ పరీక్ష గురించే గట్టిగా నిలదీశారు. భాష మారినా జనానికి ముల్లు గుచ్చుకున్న చోటు మారలేదు.

ఈ ప్రశ్న ఎంత న్యాయమైనదో చూడండి. డీఎన్ఏతో తండ్రి ఎవరో తేల్చే పద్ధతిని మన దేశంలో నిలబెట్టిన శాస్త్రవేత్త లాల్జీ సింగ్. ఆయన పనిచేసింది హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధనశాలలో. మన న్యాయస్థానాల్లో ఆ పరీక్షతో తేలిన తొలి పితృత్వ వివాదం 1980ల చివర్లో కేరళలోని తలశ్శేరిలో నడిచింది. 1991లో కేరళ హైకోర్టు కూడా ఆ సాక్ష్యాన్ని ఒప్పుకుంది. అంటే ఈ కథ పుట్టిన రాష్ట్రంలోనే, అది పుట్టడానికి పాతికేళ్ల ముందే, ఇలాంటి అనుమానం కోర్టులో తేలిపోయింది. బుగ్గ లోపల దూదిపుల్ల రాసి తీసే నమూనా చాలు. అలాంటప్పుడు పెద్ద డాక్టరుకు ఆ ఆలోచనే రాకపోవడం ఏమిటని అడిగిన ప్రేక్షకురాలు కథ అర్థంకాక అడగలేదు. బాగా అర్థమయ్యే అడిగింది.

అయితే కార్తీక్ తరఫున వాదించేవాళ్లూ ఉన్నారు. అనుమానం పట్టిన మనిషికి రుజువు అక్కర్లేదంటారు వాళ్లు. తనలో లోపం ఉందన్న మాటను ఒకసారి నమ్మాక, దాన్ని మళ్లీ పరీక్షకు పెట్టడానికి మగవాడి అహం అడ్డొస్తుందంటారు. పరీక్షలో పిల్లలు తన వాళ్లేనని తేలితే ఇన్నాళ్ల పాపం తన నెత్తినే పడుతుందన్న భయం కూడా ఉండొచ్చంటారు. బలమైన వాదనే. చిక్కేమిటంటే, ఆ భయాన్ని సీరియల్ తగినంతగా చూపించలేదు. అహం వల్లే పరీక్షకు వెనకాడాడని ప్రేక్షకుడు తనంతట తాను ఊహించుకోవాల్సి వచ్చింది. కార్తీక్ ఒంటరిగా కూర్చుని, పరీక్ష చీటీ రాసి, చింపేసే సన్నివేశం ఒక్కటి గట్టిగా పడి ఉంటే సగం నోళ్లు మూతపడేవి.

మనవాళ్లకు ఈ తగవు కొత్తది కాదు. భార్యనూ బిడ్డనూ ఎరగనన్న మగవాడి కథ మహాభారతంలోనే ఉంది. నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలో శకుంతల కొడుకును వెంటబెట్టుకుని దుష్యంతుడి సభకు వస్తుంది. ఆయనకు అన్నీ గుర్తున్నాయి. అయినా ఎరగనంటాడు. ఆకాశవాణి పలికాక గానీ ఒప్పుకోడు. లోకం ఏమంటుందోనన్న జంకు వల్లే అలా అన్నానని చెబుతాడు. రాజుకు అది కారణమే, కానీ నాటక నాయకుడికి చాలదనుకున్నాడు కాళిదాసు. అందుకే దుర్వాసుడి శాపం తెచ్చాడు, ఉంగరం నీళ్లలో జారవిడిచాడు, చేప కడుపులోంచి తీయించాడు. శాపానికీ కారణం పెట్టాడు: మొగుడి తలపులో మునిగిన శకుంతల వాకిట్లోకొచ్చిన మునిని గమనించలేదు. ఇప్పటి సీరియళ్లలో మనం విసుక్కునే మతిమరుపు, ఆనవాలు, చివరి నిమిషపు సాక్ష్యం అన్నీ అందులో ఉన్నాయి. అయినా ఎవరూ విసుక్కోరు. అక్కడ మతిమరుపు దుష్యంతుడి మనసును మనకు అర్థం చేయించడానికి వచ్చింది.

'కార్తీక దీపం'లో 2022లో వచ్చిన మతిమరుపు సంగతి వేరు. కార్తీక్, దీప ప్రమాదంలో పోయారన్నట్టు చూపించి, కథను పెద్దవాళ్లైన కూతుళ్ల మీదికి మళ్లించారు. ఆదరణ తగ్గింది. నెలలు తిరక్కుండానే దీప కోమాలోంచి లేచింది. కార్తీక్ గతం మరిచిపోయి మోనిత చేతిలో ఉన్నాడు. ఈసారి మతిమరుపుకు కారణం ఆ మనుషుల్లో లేదు, టీవీ ముందు నుంచి లేచిపోయిన ప్రేక్షకుల్లో ఉంది. జనం ఆ తేడాను వెంటనే పసిగట్టారు. వంటలక్క తిరిగొచ్చిందని సంతోషించినవాళ్లే, వచ్చిన తీరును తప్పుబట్టారు.

రాసేవాళ్ల కష్టాన్నీ కాదనలేం. వారానికి ఆరు రోజులు, రోజుకు ఇరవై రెండు నిమిషాల కథ అనుకుంటే వారానికి రెండు గంటల పన్నెండు నిమిషాలు అవుతుంది. వారానికో సినిమా రాసినట్టే. వారం వారం రేటింగులు వస్తాయి, వాటిని బట్టి ఒక ట్రాక్ పెరుగుతుంది, ఇంకొకటి ఆగిపోతుంది. ప్రకటనకు ముందు ఒక కుదుపు, ఎపిసోడ్ చివర ఇంకో కుదుపు ఉండాలి. ముగింపు ఎప్పుడో తెలియని కథకు పాత్ర మనసును ముందే గీసి పెట్టుకోవడం కష్టం. రహస్యం తేలిపోతే సీరియల్ అయిపోతుంది కాబట్టి, తేల్చగల మనిషినే తెలివితక్కువవాడిగా మారుస్తారు. 'సాగదీస్తున్నారు' అని ఇళ్లలో అనేది దీన్నే.

దీనికి భిన్నంగా నడిచిన దారులూ ఉన్నాయి. పావగడకు ఆగ్నేయంగా, గౌరిబిదనూరు తాలూకాలో పుట్టిన టి.ఎన్. సీతారామ్ కన్నడంలో 'మాయామృగ', 'ముక్త' వంటి సీరియళ్లు తీశారు. కోర్టు సన్నివేశాల్లో తానే లాయరు పాత్ర వేసి, ఇంట్లో ప్రేక్షకుడు అడిగే 'ఎందుకిలా చేశావు?' అన్న ప్రశ్నను బోనులో ఉన్న పాత్రను అడిగేవారు. తెలుగులో దూరదర్శన్ కాలపు 'ఋతురాగాలు', ఆ తర్వాత 'చక్రవాకం', 'మొగలిరేకులు' నడిపిన మంజులా నాయుడికీ పాత్రల గుణం మీద శ్రద్ధ ఎక్కువ. అందుకే 'మొగలిరేకులు' ముగిసి ఏళ్లు గడిచినా ఆర్.కె. నాయుడు పేరు చెబితే జనం ఇప్పటికీ గుర్తుపడతారు.

'అమృతం' సంగతి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. గుణ్ణం గంగరాజు ఆలోచనగా 2001లో జెమినీ టీవీలో మొదలై, వారానికోసారి వచ్చిన హాస్య సీరియల్ అది. అందులో జరిగేవన్నీ నమ్మశక్యం కానివే. అయినా కష్టపడకుండా బాగుపడాలన్న అమృతరావు ఆశ, వద్దు వద్దంటూనే వెంట నడిచే ఆంజనేయులు భయం, అద్దె కోసం అప్పాజీ వేసే ఎత్తులు ఏ వారమూ గాడి తప్పలేదు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు చివరిదాకా ఉన్నారు. అమృతరావు వేషం మాత్రం శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ఒకరి తర్వాత ఒకరు వేశారు. హీరో మొహమే మారిపోయినా చూసేవాళ్లు సర్దుకున్నారు, ఎందుకంటే వచ్చినవాడు కూడా అమృతరావులాగే ఆలోచించాడు. దీప ఇంట్లో మొహాలు మారలేదు, డాక్టర్ బాబు బుద్ధి మాత్రం కథకు కావాల్సినప్పుడల్లా మారుతూ వచ్చింది. ఆ మార్పును జనం అంత తేలిగ్గా క్షమించలేదు.