మనస్సు క్రుంగినప్పుడు కంచము వైపు కూడా చూద్దాము

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక విధవరాలు ఆదివారపు ఆరాధనకు రావడం మానివేశారు. ఇంటికి వెళ్లి చూస్తే మంచము దిగరు, ఎవరితోనూ మాట్లాడరు, పేర్లు మరచిపోతున్నారు. "నేను దేవునికి కూడా అక్కరలేనిదాననయ్యాను అయ్యగారూ" అని ఏడ్చారు. మేము ప్రార్థించి, మూడు దినములు ఉపవాసముండమని చెప్పి వచ్చాము. ఈనాటికీ ఆ మాట తలచుకుంటే మా మనస్సు కలుక్కుమంటుంది.

మరునాడు మా ఇంటివారు వెళ్లి ఆమె వంటగది చూసి వచ్చారు. "ఆమె ఉపవాసం ఈనాటిది కాదండీ. భర్త పోయినప్పటి నుండి పొద్దున టీ, మధ్యాహ్నం పచ్చడి మెతుకులు, రాత్రికి మళ్లీ టీ" అన్నారు. వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లాము. రక్తపరీక్షలో విటమిన్ బి12 బాగా తక్కువని తేలింది. ఇంజెక్షన్లు, మానసిక వైద్యుని మాత్రలు, వేళకు భోజనము, పలకరించే మనుషులు! కొన్ని నెలలకు ఆమె స్త్రీల సమాజములో మళ్లీ పాట ఎత్తుకున్నారు.

ఈ విటమిన్ పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసములలో ఉంటుంది. తిన్నంత మాత్రాన చాలదు. అది చిన్నప్రేగుల ద్వారా రక్తములో కలియుటకు పొట్టలో ఊరే ఒక పదార్థము కావాలి. పొట్ట చెడినా, వయస్సు మళ్లినా అది సరిగా ఒంటబట్టకపోవచ్చు. అప్పుడు రక్తహీనత, తిమ్మిర్లు, మతిమరపు, దిగులు కలుగవచ్చు.

ఇది క్రొత్త సంగతి కాదు. 20వ శతాబ్దపు ఆరంభములో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో మొక్కజొన్నే ప్రధాన ఆహారమైన పేదలు ఎందరో పెల్లగ్రా జబ్బుతో మతి చలించి పిచ్చాసుపత్రుల పాలయ్యారు. అది అంటువ్యాధి కాదు, తిండిలోని లోపమని 1914 నుండి డాక్టరు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ నిరూపిస్తూ వచ్చారు. 1960 ప్రాంతములో హైదరాబాదులో డాక్టరు సి. గోపాలన్, వారి సహచరులు జొన్నలే ఆధారమైన మన పేదలలోనూ ఈ జబ్బును పరిశీలించారు. జొన్నలు చెడ్డవి కావు. ఒక్క జొన్నలతోనే బ్రతకవలసి రావడమే కీడు.

2017లో ప్రచురితమైన ఒక చిన్న ఆస్ట్రేలియా పరిశోధనలో, ఒక మోస్తరు నుండి తీవ్రమైన దిగులుతో ఉన్న 67 మందిలో కొందరికి 12 వారములు మంచి ఆహారము తినుట నేర్పారు. వారిలో దాదాపు మూడవ వంతు మంది తేరుకున్నారు. కేవలము పలకరింపు మాత్రమే పొందినవారిలో తేరుకున్నది నూటికి 8 మందే.

ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరుకున్నప్పుడు దేవదూత ప్రసంగము చేయలేదు. రొట్టె, నీళ్లు పెట్టాడు, నిద్రపోనిచ్చాడు, లేపి మళ్లీ తినమన్నాడు. ఈ అధ్యాయము మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించామో! అయినా ఆ రొట్టె మా కంటికి ఆనలేదు.

కాబట్టి ప్రియులారా, క్రుంగినవారిని "నీకు విశ్వాసము చాలదు" అనవద్దు. ఏమి తిన్నారని అడగండి. దిగులు రెండు వారములు దాటితే వైద్యుని యొద్దకు తీసుకువెళ్లండి. చావు మాట ఎత్తితే ఆ పూటే వెళ్లండి. వాడుతున్న మాత్రలు మాన్పించవద్దు. అన్ని దిగుళ్లూ అన్నముతో పోవు. అయినా ఈసారి పరామర్శకు వెళ్లేటప్పుడు బైబిలుతో పాటు ఒక గిన్నెలో పప్పన్నము, కొంచెము పెరుగు కూడా పట్టుకువెళ్దాము.